పెరట్లో షుగర్ మేపుల్ ఉందా? ఇంటిల్లిపాదీ కలిసి దాన్ని చూసుకోవటం ఎలా

మేము మసాచూసెట్స్‌లోని ష్రూస్‌బరీలో ఇల్లు కొన్నప్పుడు ఏజెంటు వంటగది గురించి, స్కూలు రేటింగ్ గురించి, బేస్‌మెంట్ గురించి గంటసేపు చెప్పాడు గానీ పెరట్లో ఉన్న ఆ పెద్ద చెట్టు గురించి ఒక్క ముక్క చెప్పలేదు, మేమూ అడగలేదు. జూన్‌లో దిగాం. అక్టోబర్ రెండో వారంలో ఒకరోజు పొద్దున్నే బ్లైండ్స్ తీస్తే ఇల్లంతా నారింజ రంగు వెలుగు, గోడలు, కాఫీ కప్పు, మా ఆయన మొహం అన్నీ అదే రంగు, అప్పుడు అర్థమైంది ఇంటితో పాటు మనకి ఇంకోటి కూడా వచ్చిందని.

ఈ మధ్యలో ఆ చెట్టుకి మేము చేసిన మంచి కంటే ముందు చేసిన చెడే ఎక్కువ, తెలియక. అందుకే ఇది రాస్తున్నా. మీరు న్యూ ఇంగ్లండ్‌లో ఉన్నా, న్యూయార్క్ పై భాగంలో ఉన్నా, మిచిగన్, విస్కాన్సిన్, అంటారియో ఎక్కడున్నా మీ పెరట్లో షుగర్ మేపుల్ ఉంటే పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళతో కలిసి ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, ఈ చెట్టుకి మనం చేసే సేవ కంటే దాని మొదట్లో మనం చెయ్యకుండా ఆగే పనులే ఎక్కువ మేలు. దీని బోదె నుంచి కారే తీపి నీళ్ళు కాచి చేసే సిరప్ సంగతి కూడా చెప్తా గానీ అది తర్వాత.

ముందు అది షుగర్ మేపులో కాదో చూడండి

ఇక్కడ మేపుల్ అంటే ఒక్కటి కాదు, రెడ్, సిల్వర్, నార్వే, షుగర్ అన్నీ వీధి వీధికీ ఉంటాయి. ఈ పని పిల్లలకి అప్పజెప్పండి, వాళ్ళకి భలే సరదా. షుగర్ మేపుల్ ఆకుకి మామూలుగా అయిదు కొనలు, కొనకీ కొనకీ మధ్య లోయ గుండ్రంగా ఉంటుంది, ఆకు అంచు నున్నగా ఉండి అక్కడక్కడా మాత్రమే ముళ్ళలా మొనలు. రెడ్ మేపుల్ అయితే అంచంతా రంపం పళ్ళే, లోయ కోసుగా ఉంటుంది. సిల్వర్ మేపుల్ ఆకు లోపలిదాకా చీలిపోయి ఉంటుంది, తిరగేస్తే వెండిలా తెల్లగా. అసలు తికమక పెట్టేది నార్వే మేపుల్, దూరం నుంచి చూస్తే అచ్చం మనదే. దానికి ఒక్కటే టెస్టు, ఆకు తొడిమ తుంచండి, జిల్లేడు ఆకు తుంచితే కారినట్టు పాలు వస్తే అది నార్వే. యూరప్ నుంచి తెచ్చిన చెట్టు అది, అడవుల్లోకి పాకిపోతోందని మసాచూసెట్స్‌లో దాన్ని అమ్మటమే నిషేధించారు.

చలికాలంలో ఆకులుండవు కదా, అప్పుడు మొగ్గలు చూడాలి. షుగర్ మేపుల్ మొగ్గ గోధుమ రంగులో సన్నగా, పెన్సిల్ మొనలా సూదిగా ఉంటుంది, నార్వేది లావుగా బొద్దుగా. మా చిన్నోడు కెనడా జెండా మీద ఆకు చూసి మన చెట్టు ఆకు వాళ్ళెందుకు పెట్టుకున్నారు అని తగువుకొచ్చాడు, 1965 నుంచి ఆ జెండా ఉందిరా, దానికి 11 మొనలు ఉంటాయి, మన ఆకుకి ఎన్నో లెక్కపెట్టు అంటే ఆ మధ్యాహ్నమంతా పెరట్లోనే.

కొలవటం కూడా చెయ్యండి, దీంతో తర్వాత పని పడుతుంది. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో బోదె చుట్టూ కొలవాలి. మా దగ్గర బట్టలు కొలిచే టేప్ చాలలేదు, నా చున్నీ చుట్టి ముడి పడ్డ చోట పట్టుకుని దాన్ని తర్వాత నేల మీద పరిచి కొలిచాం, 94 ఇంచులు. దాన్ని 3.14తో భాగిస్తే అడ్డకొలత 30 ఇంచులు, అప్పుడే పై (π) అంటే ఏంటో స్కూల్లో నేర్చుకున్న మా పెద్దదానికి అది మొదటిసారి నిజంగా పనికొచ్చింది. ఆర్బరిస్టులు, అంటే చెట్ల వైద్యులు, ఉజ్జాయింపుగా వయసు చెప్పటానికి షుగర్ మేపుల్‌కి అడ్డకొలత ఇంచుల్ని 5.5తో హెచ్చవేస్తారు, అలా చూస్తే మాది దాదాపు 165 ఏళ్ళది. ఇది కాకిలెక్కే, ఎండ బాగా తగిలే లాన్‌లో చెట్టు త్వరగా లావెక్కుతుంది, అడవిలో నీడలో నిదానంగా పెరుగుతుంది. అయినా సరే, మా వీధి పుట్టకముందు నుంచీ ఉన్న చెట్టు అనుకుంటే దాని పక్కన బార్బెక్యూ గ్రిల్ పెట్టాలంటే కొంచెం మొహమాటం వేస్తుంది.

చెట్టు మొదలు: అసలు కథంతా ఇక్కడే

రెండో ఏడు వసంతంలో ఒక లాన్ కంపెనీ వాళ్ళని పెట్టుకున్నాం. వాళ్ళు వచ్చి గడ్డి కోసి, అంచులు చెక్కి, చెట్టు చుట్టూ నల్లటి మల్చ్, అంటే నేల మీద పరిచే చెక్కపొట్టు, తెచ్చి బోదెకి ఆనించి ఒకటిన్నర అడుగు ఎత్తు కుప్ప పోసి వెళ్ళారు, చూడ్డానికి ఎంత నీట్‌గా ఉందో, మేము ఫొటో తీసి ఇంటికి కూడా పంపాం. మరుసటేడు దాని మీదే ఇంకో కుప్ప. ఆ తర్వాత ఆగస్టులో, ఇంకా అందరి చెట్లూ పచ్చగా ఉండగానే మా చెట్టుకి ఒక పక్క కొమ్మలు మాత్రం ఎర్రబడటం మొదలైంది. మేము అబ్బ మనకి ముందే ఫాల్ వచ్చేసింది అని మురిసిపోయాం. పక్కింటి పెద్దాయన కంచె దగ్గరికి వచ్చి చూసి, ఇది సంతోషించాల్సిన విషయం కాదు, ఎవరికైనా చూపించండి అన్నాడు.

ఆర్బరిస్టు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో ఆ కుప్ప లాగేశాడు. లోపల బెరడు తడిసి, గోరు పెడితే దిగేంత మెత్తగా, నానబెట్టిన అట్టపెట్టెలా ఉంది. అంతకంటే దారుణం, ఆ మల్చ్‌లోకే చెట్టు కొత్త వేళ్ళు తీసింది, అవి బయటికి పోకుండా బోదె చుట్టూ తిరుగుతున్నాయి, ఒకటైతే నా బొటనవేలంత లావుంది. అవి లావెక్కే కొద్దీ బోదెకి ఉరి బిగిసినట్టే, నీళ్ళు పైకి పోవు, ఆహారం కిందికి రాదు. రెండు వేళ్ళని ఉలితో కోసి తీశాడు, మిగతావి లేతవి కత్తెరతో పోయాయి. అదృష్టం, ఇంకో నాలుగేళ్ళు అలాగే వదిలేసుంటే ఏమయ్యేదో.

కాబట్టి ఈ వారాంతమే మీ చెట్టు మొదలు చూడండి. బోదె నేలలోకి దిగేచోట ఏనుగు పాదంలా వెడల్పవ్వాలి, ఆ వెడల్పు మీ కంటికి కనపడాలి. కరెంటు స్తంభం పాతినట్టు నిటారుగా నేలలోకి పోతోందంటే దాని మీద మట్టో మల్చో పేరుకుందని అర్థం, మెల్లిగా చేత్తో గానీ చిన్న తాపీతో గానీ తియ్యండి, పార వాడొద్దు. మల్చ్ వెయ్యకూడదని కాదు, వెయ్యాలి, కానీ గారెలా వెయ్యాలి, పుట్టలా కాదు. మధ్యలో బోదె చుట్టూ బెత్తెడు ఖాళీ, అక్కడి నుంచి బయటికి రెండు మూడు ఇంచుల మందంలో ఎంత దూరం వీలైతే అంత దూరం. మా అత్తయ్యగారికి ఇది ఒక్కసారి చెప్పగానే పట్టేసింది, ఇప్పుడు వాకింగ్‌కి వెళ్ళినప్పుడు వీధిలో ఎవరి చెట్టుకి పుట్ట పోసి ఉందో లెక్కపెట్టి వస్తారు.

వేళ్ళ గురించి నాకున్న ఊహ కూడా తప్పే. చెట్టు పైన ఎంతుందో కింద లోతుకి అంత వేరు ఉంటుందనుకునేదాన్ని. కాదట, ఎక్కువ వేళ్ళు పై ఒకటిన్నర అడుగులోనే ఉంటాయి, కానీ పక్కలకి కొమ్మల నీడ దాటి దానికి రెండు మూడింతలు దూరం పోతాయి. అంటే మన లాన్ మొత్తం దాని వేళ్ళే. మేము సత్యనారాయణ వ్రతం రోజు వచ్చినవాళ్ళ కార్లన్నీ ఆ చెట్టు కిందే పెట్టించాం, నీడ ఉంది కదా అని, ముందురోజే వాన పడి నేల మెత్తగా ఉంది. అలా ఒక్కసారి నొక్కుకుపోయిన మట్టిలోకి గాలి, నీళ్ళు మళ్ళీ సరిగ్గా దిగాలంటే ఏళ్ళు పడుతుంది. ప్యాటియో వెయ్యాలన్నా, స్ప్రింక్లర్ పైపుకి కాలవ తవ్వాలన్నా, నేల చదును చేద్దామని పైన నాలుగు ఇంచుల మట్టి పోద్దామన్నా ముందు ఆర్బరిస్టుని అడగండి, ఆ కన్సల్టేషన్ డబ్బులు పెద్ద చెట్టు కొట్టించటానికి అయ్యే బిల్లు ముందు ఏపాటి.

ఇంకొన్ని గబగబా చెప్పేస్తా. గడ్డి కోసే దారపు మెషిన్ బోదెకి తగలనివ్వొద్దు, బెరడు కిందే పల్చటి ప్రాణమున్న పొర ఉంటుంది, చుట్టూ అది తెగితే చెట్టు పని అయిపోయినట్టే, గారెలా మల్చ్ వేస్తే అక్కడ గడ్డే ఉండదు కాబట్టి ఈ బాధా ఉండదు. లాన్‌లో కలుపు చావటానికి చల్లే ఎరువు సంచి వెనక డైకాంబా అని రాసుంటే చెట్టు దగ్గర చల్లకండి, డాండెలియన్‌ని చంపే మందుకి మేపుల్ వేరు ఏదో డాండెలియన్ వేరు ఏదో తెలీదు. మేకులు కొట్టొద్దు, దీపావళి లైట్లు చుడితే జనవరిలో విప్పెయ్యండి. వానలు లేని జూలై ఆగస్టుల్లో వారానికి ఒకసారి గొట్టం సన్నధారగా పెట్టి కొమ్మల నీడ అంచు దాకా నెమ్మదిగా నాననివ్వండి, రోజూ పైపైన చిలకరించటం వల్ల ఉపయోగం లేదు.

దీనికి కాల్షియం కూడా ఇష్టం. ఆమ్ల వర్షాల వల్ల ఇక్కడి అడవి నేలల్లో కాల్షియం కొట్టుకుపోయింది, న్యూ హాంప్‌షైర్‌లో హబ్బర్డ్ బ్రూక్ అనే పరిశోధన అడవిలో 1999లో ఒక లోయ మొత్తానికి హెలికాప్టర్‌తో కాల్షియం ఖనిజం చల్లి చూస్తే అక్కడి షుగర్ మేపుల్స్ మళ్ళీ తేరుకున్నాయి. అలాగని మీరు సున్నం బస్తాలు తెచ్చి కుమ్మరించకండి, ముందు మట్టి టెస్ట్ చేయించండి, యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ల్యాబులు తక్కువకే చేస్తాయి.

ఉప్పు

మంచు కరగటానికి డ్రైవ్‌వే మీద చల్లే ఉప్పంటే ఈ చెట్టుకి అస్సలు పడదు. వేసవిలో ఆకు అంచులు కాలినట్టు గోధుమ రంగులోకి మారితే ఒక కారణం అదే కావచ్చు. మంచు పడుతుండగానే రెండు మూడుసార్లు పార వేస్తే ఉప్పు అవసరం సగం తగ్గుతుంది, జారకుండా ఇసుక చల్లుకోవచ్చు. స్నో ప్లౌ అతనికి మాత్రం సీజన్ మొదట్లోనే చెప్పాలి, మంచు ఆ పక్కకి తొయ్యి, చెట్టు వైపు కాదు అని. మేము చెప్పలేదు, రెండు శీతాకాలాలు మా ఉప్పు, రోడ్డు ఉప్పు అంతా కలిపి కొండలా చెట్టు మొదట్లోనే పోశాడు, అతని తప్పేముంది, అక్కడే ఖాళీ కనపడింది.

ఆగస్టులో పురుగు వేట

మా ఊళ్ళో ఇది ఊరికే సరదా కాదు. 2008 ఆగస్టులో పక్కనే వూస్టర్‌లో ఒకావిడ పెరట్లో వింత పురుగులు చూసి ఊరుకోకుండా ఫోన్ చేసి చెప్పింది, అది ఏషియన్ లాంగ్‌హార్న్‌డ్ బీటిల్ అని తేలింది. దానికి మేపుల్ అంటే ప్రాణం. పిల్ల పురుగు బోదె లోపల దారులు తొలుచుకుంటూ తింటుంది, చెట్టుని బతికించటానికి మందు లేదు, కొట్టెయ్యటమే. వూస్టర్ చుట్టుపక్కల 30 వేలకి పైగా చెట్లు కొట్టేశారు, కొన్ని వీధుల్లో ఒక్క నీడ మిగల్లేదట. ష్రూస్‌బరీ కూడా ఆ నియంత్రణ పరిధిలోనే ఉంది, ఇక్కడి నుంచి మేపుల్ కొమ్మలు, కట్టెలు బయటికి తీసుకెళ్ళకూడదు.

మేము ఏటా ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం టార్చిలైట్లు, బైనాక్యులర్ తీసుకుని అందరం చెట్టు చుట్టూ తిరుగుతాం. పెద్ద పురుగు ఒకటి ఒకటిన్నర ఇంచు ఉంటుంది, నిగనిగలాడే నలుపు, దాని మీద సున్నం చుక్కలు, ఒంటి కంటే పొడుగు మీసాలు, అవి నలుపు తెలుపు గళ్ళుగా. అది మనల్ని ఏమీ చెయ్యదు. పురుగు కనపడకపోయినా గుర్తులుంటాయి, బెరడు మీద పెన్సిల్ దూరేంత నున్నటి గుండ్రటి బెజ్జాలు, కొమ్మల సందుల్లో రంపపు పొట్టు, గుడ్లు పెట్టటానికి కొరికిన చిన్న గుంటలు. మీకు స్విమ్మింగ్ పూల్ ఉంటే ఫిల్టర్ బుట్ట కూడా చూడండి, పడితే అక్కడ పడతాయి.

మూడో ఏడు మా పెద్దది కెవ్వుమని అరిచింది, అమ్మా బెజ్జాలు అని. నా గుండె ఆగిపోయింది. దగ్గరికెళ్ళి చూస్తే చిన్న చిన్న బెజ్జాలు, ఒకదాని పక్కన ఒకటి అడ్డంగా పూసలదండ గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. అది సాప్‌సకర్ అనే వడ్రంగిపిట్ట పని, చెట్టు నీళ్ళు తాగటానికి పొడుచుకుంటుంది. బీటిల్ బెజ్జాలు అలా వరసలో ఉండవు, ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. అనుమానం వస్తే పురుగుని సీసాలో పట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, ఫొటో తీసి రాష్ట్ర వ్యవసాయ శాఖకి పంపండి. ఇంకో మాట, క్యాంపింగ్‌కి వెళ్ళేటప్పుడు ఇంటి దగ్గర కట్టెలు కార్లో వేసుకెళ్ళొద్దు, వెళ్ళిన చోటే కొనుక్కోండి, పురుగులు ఊళ్ళు మారేది ఎక్కువగా అలాగే.

సిరప్: మామయ్యగారు వర్సెస్ థర్మామీటర్

వేళ్ళకి ఆపరేషన్ అయ్యాక రెండేళ్ళు మేము చెట్టు జోలికి పోలేదు, మీరూ అంతే, జబ్బుగా ఉన్న చెట్టుకి, కొమ్మలు ఎండుతున్న చెట్టుకి బెజ్జం పెట్టొద్దు. అడ్డకొలత కనీసం 12 ఇంచులు, అంటే చుట్టుకొలత 38 ఇంచులు ఉంటేనే ఒక టాప్, అంటే గొట్టం పెట్టే బెజ్జం, 18 దాటితే రెండు. మాది ఎంత పెద్దదైనా రెండుతోనే ఆపేస్తాం.

తాటిచెట్టు గీతకి దీనికి తేడా ఉంది. అక్కడ గెల చివర చెక్కి కుండ కడతారు, ఇక్కడ బోదెకే చిన్న బెజ్జం పెట్టాలి. ఇంకా వింత ఏంటంటే రాత్రి గడ్డకట్టాలి, పగలు కరగాలి. రాత్రి 20ల్లోకి పడిపోయి పగలు 40 ఫారన్‌హీట్ దాటే రోజులు, మా దగ్గర ఫిబ్రవరి చివర నుంచి మార్చి అంతా. గడ్డకట్టినప్పుడు చెట్టు కింద నుంచి నీళ్ళు పైకి లాక్కుంటుంది, కరిగినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి బెజ్జం లోంచి బయటికి తోస్తుంది. రోజంతా ఒకే చలిగా ఉన్నా, ఒకే వెచ్చగా ఉన్నా చుక్క రాదు.

అయిదు బై పదహారు ఇంచు డ్రిల్ బిట్ శుభ్రంగా కడిగి, ఒకటిన్నర ఇంచు లోతు, బిట్ మొన కొంచెం పైకి ఉండేలా, అప్పుడు నీళ్ళు బయటికి జారతాయి. వచ్చే పొట్టు కొబ్బరి కోరులా తెల్లగా ఉండాలి, గోధుమ రంగు వస్తే అక్కడ కట్టె చచ్చింది, ఇంకో చోటు చూసుకోవాలి. ఆ బెజ్జంలో పెట్టే చిన్న గొట్టాన్ని సుత్తితో మెల్లిగా తడితే మొదట టక్ టక్ అని మోగి ఒక చోట చప్పుడు బరువుగా మారుతుంది, అక్కడ ఆపెయ్యాలి, ఇంకా కొడితే బెరడు చీలుతుంది. బకెట్‌కి మూత ఉండాలి, తినే వస్తువులకి పనికొచ్చే ప్లాస్టిక్‌దే వాడండి, పాత సామాన్ల షాపుల్లో దొరికే పాతకాలం రేకు బకెట్లకి సీసం టంకం ఉండొచ్చు, అవి పూలకుండీలకి బాగుంటాయి.

ఒక విషయం గుర్తుంచుకోండి, మనకి దెబ్బ తగిలితే మానుతుంది, చెట్టుకి మానదు. ఆ బెజ్జం చుట్టూ కట్టెని చెట్టు లోపల గోడ కట్టినట్టు మూసేసి వదిలేస్తుంది, బెజ్జానికి పైకీ కిందికీ కొంత మేర ఎప్పటికీ పనికిరాదు, కొత్త కట్టె దాని మీదుగా పెరుగుతుంది. అందుకే మరుసటేడు పక్కకి కనీసం ఆరు ఇంచులు, పైకి కిందికి రెండు అడుగులు వదిలి పెట్టాలి. సీజన్ అయ్యాక గొట్టం పీకెయ్యండి, బెజ్జంలో ఏమీ కుక్కొద్దు, మైనం, సిమెంటు, పసుపు ఏదీ వద్దు, మా అత్తయ్యగారు పసుపు గిన్నెతో సగం దూరం వచ్చేశారు.

మొదటి బకెట్ చూసి మామయ్యగారు నోట్లో పోసుకుని ఇది నీళ్ళు కదమ్మా అన్నారు. నిజమే, రెండు శాతం చక్కెర ఉంటుంది, కొబ్బరినీళ్ళ తీపి కూడా ఉండదు. 40 గాలన్లు కాస్తే ఒక గాలన్ సిరప్. ఆయనది అనకాపల్లి పక్క పల్లె, చిన్నప్పుడు చెరకు గానుగ దగ్గర బెల్లం పెనం పక్కనే పడుకున్న మనిషి, నలభైకి ఒకటా, దీనికోసం ఇంత కట్టె తగలెయ్యటం వ్యాపారం కాదు పిచ్చి అన్నారు, అన్నారే గానీ ఆ రోజు నుంచి పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

మొదటిసారి మేము ఇంట్లో స్టవ్ మీద కాచాం. ఎప్పుడూ ఆ పని చెయ్యకండి. పది గాలన్లు పెడితే తొమ్మిదీ ముప్పావు గాలన్లు ఆవిరై వంటింటి గోడలకి పడుతుంది, క్యాబినెట్ తలుపులు చేతికి అంటుకుంటున్నాయి, వాల్‌పేపర్ మూల ఊడొచ్చింది. తర్వాత నుంచి చేపల పులుసుకీ బిర్యానీకీ వాడే ప్రొపేన్ బర్నర్ ఉంటుంది కదా, పెరట్లో దాని మీదే, వెడల్పాటి గిన్నెలో. సాప్‌ని, అంటే ఆ చెట్టు నీళ్ళని, ఫ్రిజ్‌లోనో మంచులో పాతిన డబ్బాలోనో పెట్టి వారంలోపే కాచెయ్యాలి, పాల లాగే విరిగినంత పని అవుతుంది.

సగం పైగా ఇగిరాక నురగ పొంగొచ్చింది, నేను గరిట కోసం పరిగెత్తుతుంటే మామయ్యగారు ఆముదం చుక్క వెయ్యి, మా పెనం దగ్గర అంతే చేసేవాళ్ళం అన్నారు. ఇక్కడి వాళ్ళు వెన్న వేస్తారు, మేమూ చిటికెడు వెన్న వేశాం, పొంగు అలా కూర్చుండిపోయింది. ఆయన మొహంలో ఆ గర్వం చూడాలి.

గొడవ చివర్లో వచ్చింది. నీళ్ళు మరిగే వేడి కంటే ఏడు డిగ్రీలు ఎక్కువ, అంటే 219 ఫారన్‌హీట్ దగ్గర సిరప్ అయినట్టే. గరిట ఎత్తితే చుక్కలు చుక్కలుగా కాకుండా పలకలా జారుతుంది. ఆయన మాత్రం వేళ్ళ మధ్య పట్టి చూసి ఇంకా తీగ రాలేదు, దించొద్దు అంటారు. తీగపాకం దాకా ఉంచితే సీసా అడుగున పటికబెల్లంలా గడ్డ కడుతుందని నేను, ఇంత పల్చటిది పాకమెలా అవుతుందని ఆయన. చివరికి ముప్పావు వంతు 219కి దించేసి, మిగతాది ఆయనకి వదిలేశాం, 235 దాకా లాగించి దాన్ని పెరట్లో కొత్త మంచు మీద ధారగా పోశారు, పోసీ పోయగానే బిగిసి జీడిలా సాగుతోంది, మంచు అంటుకున్నదాన్ని అలాగే పుల్లకి చుట్టి పిల్లలకిచ్చారు. వెర్మాంట్‌లో దీన్ని సరిగ్గా ఇలాగే తింటారు, పక్కన ఊరగాయ దోసకాయ, డోనట్ పెట్టుకుని. నీళ్ళగిన్నెలో పాకం వేసి ఉండపాకం చూడటం ఆయనకి కొత్తేమీ కాదు, ఇక్కడ గిన్నె బదులు నేలంతా ఉంది అంతే. యూరప్ వాళ్ళు రాకముందే ఇక్కడి మూలవాసులు అబెనాకీలు, అనిషినాబేలు దీన్ని ఇంకా కాచి గట్టి చక్కెర చేసి అచ్చులు పోసి దాచుకునేవాళ్ళు అని మా పెద్దది స్కూల్లో చదివింది చెప్తే, అయితే వీళ్ళదీ బెల్లమే అని తేల్చేశారు.

వేడిగా ఉండగానే వడకట్టాలి, అడుగున ఇసుకలా మిగిలేది చెట్టు ఖనిజాలే, భయం లేదు. మేము ఆయన పాత పంచె ముక్క వాడాం, సబ్బు వాసన లేకుండా వేడినీళ్ళలో రెండుసార్లు ఉడికించి. ఫ్రిజ్‌లో పెట్టండి. మొగ్గలు ఉబ్బటం మొదలయ్యాక వచ్చే సాప్‌తో చేసిన సిరప్ వికారంగా ఉంటుంది, అప్పుడు ఆపెయ్యాలి. తినే పద్ధతి మీ ఇష్టం, మా ఇంట్లో మాత్రం దిబ్బరొట్టె మీదకి, చెరకు పానకం పోసుకునే చోట ఇది. ఇంత తంటా పడలేనివాళ్ళకి మార్చిలో వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, న్యూయార్క్‌లలో మేపుల్ వీకెండ్లు ఉంటాయి, సిరప్ కాచే షుగర్‌హౌస్‌లు తెరిచి ఉంచుతారు, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించి రెండు సీసాలు కొనుక్కుని రావచ్చు.

అట్లతద్ది ఉయ్యాల, రాలిన ఆకులు

అక్టోబర్‌లో అందరూ న్యూ హాంప్‌షైర్‌లోని కంకమాగస్ హైవే మీద ట్రాఫిక్‌లో మూడు గంటలు కూర్చుంటారు రంగుల కోసం, మేమూ వెళ్ళాం, బాగానే ఉంటుంది. కానీ ఇంటి చెట్టుని రోజూ ఒకే కిటికీ నుంచి, ఒకే టైమ్‌కి ఫొటో తీసి చూడండి, ఏ కొమ్మ ముందు మారుతుందో, ఏ వైపు పసుపు ఏ వైపు ఎరుపో తెలుస్తుంది. ఎండ బాగా కాసి రాత్రి చల్లబడిన ఏడు ఎరుపు ఎక్కువ. మా చిన్నోడి నోట్‌బుక్‌లో మొదటి సాప్ చుక్క, మొదటి ఆకు, మొదటి ఎర్ర ఆకు తేదీలు ఉంటాయి. నేచర్స్ నోట్‌బుక్ అనే కార్యక్రమంలో అవి నమోదు చేస్తే సైంటిస్టులకి కూడా పనికొస్తాయి.

అట్లతద్ది సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి మా అత్తయ్యగారికి ఉయ్యాల కావాలి. తాడు నేరుగా కొమ్మకి కట్టొద్దు, ఊగేకొద్దీ బెరడుని కోస్తుంది, కట్టి అలాగే వదిలేస్తే కొమ్మ లావెక్కి తాడు లోపలికి పూడిపోతుంది. వెడల్పాటి పట్టీ వేసి, బాగా లావున్న ఆరోగ్యమైన కొమ్మకే కట్టండి, పండగ అయ్యాక విప్పెయ్యండి. ఏడాదంతా ఉయ్యాల కావాలంటే ఆర్బరిస్టుతో కొమ్మలోకి బోల్టు వేయించుకోవటమే నయం, వినటానికి ఘోరంగా ఉన్నా చుట్టూ బిగిసే తాడు కంటే ఒక్క బెజ్జమే చెట్టుకి తేలిక.

రాలిన ఆకులు సంచుల్లో కట్టి రోడ్డు మీద పెట్టకండి. లాన్ మూవర్‌తో వాటి మీద నుంచి రెండుసార్లు పోనిచ్చి ఆ పొడిని చెట్టు కిందే వదిలేస్తే డబ్బులు పెట్టి కొనే మల్చ్ అక్కర్లేదు. పిల్లలు దూకటానికి ఒక కుప్ప ముందు పక్కన పెట్టండి, లేదంటే ఇంట్లో గొడవ.

ఫ్రిజ్‌లో గింజలు

ఆకులతో పాటే హెలికాప్టర్ గింజలు రాలతాయి, రెండేసి జంటగా. వేలితో నొక్కి చూడండి, చాలా జంటల్లో ఒకటే గట్టిగా ఉంటుంది, రెండోది ఉత్త డొల్ల. గట్టివి ఏరి తడి ఇసుకతో జిప్ కవర్లో వేసి ఫ్రిజ్‌లో మూడు నెలలు ఉంచాలి, దీనికి చలి తగలకపోతే మొలవదు. చల్లగా ఉండగానే, ఫ్రిజ్‌లోనే వేరు బయటికి వస్తుంది. మా ఇంట్లో ఆ కవర్ ఇడ్లీ పిండి గిన్నె వెనక ఉంటుంది, ఫిబ్రవరిలో ఒకరోజు పిండి తీద్దామని చూస్తే తెల్లటి తోకలు. కుండీల్లో వేసి, ఎండ నేరుగా పడని చోట పెట్టి, ఏడాది తర్వాత నేలలో నాటాం. ఇంటికి, కరెంటు తీగలకి, రోడ్డుకి దూరంగా నాటాలి, ఏడాదికి ఒక అడుగు పెరిగితే గొప్ప. జింకలకి ఈ మొక్కలంటే పాయసం, చుట్టూ నాలుగు అడుగుల పైన వైర్ మెష్ కట్టి తీరాలి, నేను మూడు అడుగులే కట్టాను, పై భాగం శుభ్రంగా కొరికేసి పోయాయి.

పదకొండు వేస్తే నాలుగు మిగిలాయి. ఒకటి పక్కింటి పెద్దాయనకిచ్చాం, మల్చ్ సంగతి చెప్పినందుకు. ఆయన తొంభైకి దగ్గర్లో ఉన్నాడు, గొయ్యి తనే తవ్వుకున్నాడు, నీళ్ళు మాత్రం మా చిన్నోడు రోజూ స్కూల్ బస్ దిగి పోసి వస్తున్నాడు.